బోట్‌లో ముందు ఒక వాల్యూమ్, వెనక ఇంకో వాల్యూమ్: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది?

పాంటూన్ బోట్ (గొట్టాల మీద తేలే చదును బోట్) కొన్న మనవాళ్లకి, అది డాలస్ పక్కన లేక్ లూయిస్‌విల్ అయినా అట్లాంటా పక్కన లేక్ లేనియర్ అయినా, మొదటి సమ్మర్ అయ్యేలోపే ఒక పంచాయితీ మొదలవుతుంది. వెనక కూర్చున్న పిల్లలకి సౌండ్ చాలదు, ఇండియా నుంచి వచ్చి ముందు సోఫాలో కూర్చున్న అమ్మానాన్నలకి అదే సౌండ్ తలపోటు, స్టీరింగ్ దగ్గర ఉన్నవాడికేమో ఇంజిన్ హోరులో ఏ పాట వస్తోందో కూడా తెలీదు. స్టీరియోకి ఉన్నది ఒక్కటే నాబ్, ఒకరు పెంచుతారు, ఇంకొకరు తగ్గిస్తారు, సాయంత్రం దాకా ఇదే తంతు.

దీనికి దారులు చాలానే ఉన్నాయి, ఇరవై ముప్పై డాలర్ల నాబ్ దగ్గర మొదలై వెయ్యి డాలర్లు దాటే సెటప్ దాకా. షాపువాడిని అడిగితే తన దగ్గర స్టాక్ ఉన్నదే మంచిదంటాడు, వీడియోలు చూస్తే ఒక్కొక్కడు ఒక్కో రకంగా చెప్తాడు. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తా: సౌండ్ తగ్గించే పని ఆంప్లిఫయర్‌కి (చిన్న సిగ్నల్‌ని స్పీకర్లు మోగేంతగా పెంచేది, కింద ఆంప్ అంటాను) ముందే అయిపోవాలి. ఆంప్లిఫయర్ దాటాక స్పీకర్ వైర్ మీద తగ్గించడం అనేది వేరే గతి లేనప్పుడు చేసేది. ఎందుకో కింద లెక్కలతో సహా చెప్తా.

## కొనేముందు తేల్చుకోవాల్సినవి

జోన్లు ఎన్ని కావాలి? జోన్ అంటే ఒకే వాల్యూమ్‌లో మోగాల్సిన స్పీకర్ల గుంపు. స్పీకర్లు లెక్కపెట్టకండి, మనుషులు ఎక్కడెక్కడ కూర్చుంటారో చూస్కోండి. ఆరు స్పీకర్లున్న పాంటూన్‌కి కూడా మామూలుగా రెండు జోన్లు చాలు, ముందొకటి వెనకొకటి. వేక్‌బోర్డింగ్ (బోట్ వెనక తాడు పట్టుకుని పలక మీద జారే ఆట) చేసేవాళ్లకి టవర్ స్పీకర్లు, అంటే బోట్ పైనుండే ఫ్రేమ్‌కి బిగించేవి, మూడో జోన్, ఎందుకంటే తాడు పట్టుకుని 70 అడుగుల వెనక ఉన్నవాడికి వినపడాలంటే అది బోట్‌లో ఉన్నవాళ్లకి చెవులు పగిలే లెవెల్‌లో ఉండాలి. సబ్ వూఫర్ (బేస్ వాయించే స్పీకర్, సబ్ అంటారు) ఉంటే దానికి విడిగా నాబ్ ఉండడం మంచిది గానీ దాన్ని జోన్ అనుకోనక్కర్లేదు. నాలుగు జోన్ల స్టీరియో కొని రెండే వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, డబ్బులు దండగ.

నాబ్ ఎవరి చేతిలో ఉండాలి? అన్నీ డ్రైవర్ దగ్గరే ఉంటే చాలా, లేక వెనక స్విమ్ ప్లాట్‌ఫామ్ మీద కూర్చున్నవాళ్లు కూడా మార్చుకోవాలా? సగం నిర్ణయం ఈ ఒక్క ప్రశ్నతోనే అయిపోతుంది. ఏది పెట్టినా ఒక్కసారిగా అంతా మ్యూట్ చేసే బటన్ మాత్రం డ్రైవర్ చేతికి అందాలి, నీళ్లలో ఉన్నవాడు అరిస్తే వినపడాలి కదా.

ఆంప్లిఫయర్ ఉందా, లేదా? చాలామంది దీన్ని పట్టించుకోరు, అసలు మెలిక ఇక్కడే ఉంది. స్టీరియో నుంచి స్పీకర్లకి నేరుగా వైర్లు వెళ్తుంటే స్టీరియో లోపలి చిన్న ఆంప్ మీదే నడుస్తున్నట్టు. బాక్స్ మీద "50 వాట్స్ × 4" అని ఉంటుంది, అది పీక్ లెక్క, నిలకడగా వచ్చేది ఛానల్‌కి 20 వాట్స్ అటూ ఇటూ. అలాంటి సెటప్‌లో ఆంప్‌కి ముందు నాబ్ పెట్టడానికి చోటే లేదు, ఎందుకంటే ఆంప్ స్టీరియో డబ్బా లోపలే ఉంది. విడిగా ఆంప్ ఉంటేనే స్టీరియోకీ ఆంప్‌కీ మధ్య ఆర్‌సీఏ కేబుల్ (సౌండ్ సిగ్నల్ తీసుకెళ్లే సన్న కేబుల్) ఉంటుంది, మనకి కావాల్సిన చోటు ఆ కేబులే.

మంచినీళ్లా, ఉప్పునీళ్లా? లేక్‌లో అయితే నాబ్ మీద నీళ్లు చిందడం గురించి ఆలోచిస్తే చాలు. గాల్వెస్టన్, ఫ్లోరిడా వైపు సముద్రంలో తిప్పేవాళ్లకి మాత్రం మామూలు నాబ్‌లు, మామూలు ఆర్‌సీఏ పిన్నులు రెండు సీజన్లలో పచ్చగా తుప్పు పట్టి గరగరమంటాయి.

## తగ్గించేది ఎక్కడ? లెక్క చూడండి

ఆర్‌సీఏ కేబుల్‌లో నడిచేది 2 నుంచి 4 వోల్టుల చిన్న సిగ్నల్, కరెంట్ ఒక మిల్లీఆంపియర్ కూడా ఉండదు. అదే సిగ్నల్ ఆంప్ దాటి బయటికొచ్చాక, 4 ఓమ్‌ల స్పీకర్‌కి 75 వాట్స్ ఇస్తోందనుకుంటే, 17 వోల్టులు, 4 ఆంపియర్లు పైన. చిన్న సిగ్నల్‌ని తగ్గించడానికి వేలెడంత నాబ్ చాలు, అది వేడెక్కదు. పెద్ద సిగ్నల్‌ని తగ్గించాలంటే మిగిలిన పవర్ ఎక్కడో ఒక దగ్గర వేడిగా మారాల్సిందే.

స్పీకర్ వైర్ మీద పెట్టే నాబ్‌ని ఎల్-ప్యాడ్ అంటారు. అందులో రెండు రెసిస్టర్లు కలిసి మారుతూ ఆంప్‌కి ఎప్పుడూ ఒకే లోడ్ కనపడేలా చేస్తాయి. దానితో సౌండ్ 6 డెసిబెల్స్ తగ్గించారనుకోండి, అంటే చెవికి బాగా తగ్గినట్టే తెలుస్తుంది కానీ మరీ మూగబోయినట్టు కాదు, అప్పుడు స్పీకర్‌కి వెళ్లేది పావు వంతు పవర్ మాత్రమే, ముప్పావు వంతు ప్యాడ్‌లోనే కాలిపోతుంది. 75 వాట్స్‌లో 56 వాట్స్ వేడి. పాట ఎప్పుడూ ఫుల్ పవర్‌లో మోగదు కాబట్టి సగటున అంత ఉండదు, అయినా మూసేసిన ఫైబర్‌గ్లాస్ ప్యానెల్ వెనక ఆ వేడికి పోయే దారి లేదు. మోటార్ వేసి ఓవర్‌హెడ్ ట్యాంక్‌కి నీళ్లెక్కిస్తూ ముప్పావు వంతు ఓవర్‌ఫ్లో పైపులోంచి వదిలేసినట్టు.

ఇంకో నష్టం బ్యాటరీ. ఎల్-ప్యాడ్‌తో సౌండ్ తగ్గించినా ఆంప్‌కి లోడ్ మారలేదు కాబట్టి అది లాగే కరెంట్ తగ్గదు. ఆర్‌సీఏ వైపు తగ్గిస్తే ఆంప్ పనే తగ్గుతుంది, కరెంట్ కూడా తగ్గుతుంది. ఇంజిన్ ఆపి యాంకర్ వేసుకుని నాలుగు గంటలు పాటలు పెట్టుకునేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. మొత్తం 400 వాట్స్ నిజమైన పవర్ ఉన్న క్లాస్ డీ (కరెంట్ తక్కువ వృథా చేసే రకం) ఆంప్, 80 శాతం ఎఫిషియెన్సీ అనుకుంటే, ఫుల్‌గా వాయిస్తే 40 ఆంపియర్లు లాగుతుంది, పాటల సగటు మూడో వంతు అనుకున్నా 13. వంద ఆంపియర్-అవర్ల డీప్ సైకిల్ లెడ్ బ్యాటరీలో సగానికి మించి వాడకూడదు కాబట్టి నాలుగు గంటలకి అది అయిపోయినట్టే.

## ఒక్కో పద్ధతి

1. స్టీరియోలో ఉన్న ఫేడర్, అంటే ముందు వెనక స్పీకర్ల మధ్య సౌండ్ పంచే సెట్టింగ్. ఖర్చు దాదాపు సున్నా. ఫ్రంట్ ఛానల్స్ ముందు స్పీకర్లకి, రియర్ ఛానల్స్ వెనక వాటికి కలిపి, ఫేడర్‌తో ఒకవైపు తగ్గించడం. చాలా బోట్లలో ఫ్యాక్టరీ వైరింగ్‌లో అన్నీ ఒకే జత ఛానల్స్‌కి కలిపేసి ఉంటాయి, ఆ వైర్లు విడదీస్తే రెండు జోన్లు ఫ్రీగా వస్తాయి. ప్రతిసారీ మెనూలోకి వెళ్లి మార్చుకోవాలి, అదొక్కటే చిరాకు. డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక వారం ఇలా వాడి చూడండి, కొంతమందికి ఇదే సరిపోతుంది.

2. మల్టీ జోన్ మెరైన్ స్టీరియో. కొత్తగా మొత్తం పెట్టించుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. ఫ్యూజన్‌లో ఆర్ఏ210కి రెండు జోన్లు, ఆర్ఏ670కి మూడు, ఆర్ఏ770కి నాలుగు. ఒక్కో జోన్‌కి వాల్యూమ్, బేస్, ట్రెబుల్ విడివిడిగా ఉంటాయి, "ఇంతకంటే పెరగకూడదు" అని జోన్‌కి లిమిట్ కూడా పెట్టుకోవచ్చు, పిల్లలున్న ఇంట్లో ఇది వరం. నాబ్ కోసం ప్యానెల్‌కి కొత్తగా కన్నాలు అక్కర్లేదు, తుప్పు పట్టే పార్ట్ అదనంగా లేదు, ఫోన్ యాప్‌లోంచి కూడా తిప్పుకోవచ్చు.

వెనక ప్లాట్‌ఫామ్ దగ్గర కంట్రోల్ కావాలంటే వైర్డ్ రిమోట్ పెట్టుకోవచ్చు, అది ఏ జోన్‌ని మార్చాలో సెట్ చేయొచ్చు. ఈ రిమోట్లలో చాలావరకు ఎన్ఎంఈఏ 2000 అనే మెరైన్ నెట్‌వర్క్ మీద నడుస్తాయి, అంటే ఒక బ్యాక్‌బోన్ కేబుల్, టీ కనెక్టర్లు, రెండు చివరలా 120 ఓమ్‌ల టెర్మినేటర్లు. వినడానికి భయంగా ఉంటుంది గానీ అన్నీ స్క్రూ చేసే కనెక్టర్లే, ఫిష్ ఫైండర్ కోసం మీ బోట్‌లో ఆ నెట్‌వర్క్ ఇప్పటికే ఉండి ఉండొచ్చు కూడా. ఫ్యూజన్ 2014 నుంచి గార్మిన్ కిందే ఉంది, అందుకని గార్మిన్ స్క్రీన్ ఉన్నవాళ్లు ఆ స్క్రీన్ మీదే జోన్ల వాల్యూమ్ మార్చుకోవచ్చు.

ఒక మెలిక చూస్కోండి. స్టీరియో లోపలి ఆంప్‌లో నాలుగు ఛానల్సే ఉంటాయి, జోన్‌కి లెఫ్ట్ రైట్ జత చొప్పున రెండు జోన్లకి సరిపోతాయి. మూడో జోన్, నాలుగో జోన్ అంటే ఆర్‌సీఏ అవుట్ మాత్రమే, వాటికి విడిగా ఆంప్ కొనాల్సిందే. "నాలుగు జోన్లు" అని చూసి కొని ఇంటికెళ్లాక మూడో జత స్పీకర్లకి వైర్ ఎక్కడ కలపాలో తెలీక దిక్కులు చూడకండి.

3. జోన్ కంట్రోలర్ లేదా ఈక్వలైజర్. వేక్ బోట్లలో ఎక్కువగా కనపడేది ఇదే, వెట్ సౌండ్స్ వాళ్ల 420 లాంటివి. డ్యాష్‌లో కూర్చునే సన్నటి బాక్స్, దాని మీద టవర్‌కి ఒక నాబ్, బోట్ లోపలి స్పీకర్లకి ఒకటి, సబ్‌కి ఒకటి. స్టీరియో నుంచి ఒక జత ఆర్‌సీఏ లోపలికి వెళ్తుంది, మూడు జతలు బయటికొచ్చి మూడు ఆంప్‌లకి వెళ్తాయి. లోపల పవర్ ఉన్న సర్క్యూట్ కాబట్టి సిగ్నల్ నీరసపడదు, పొడుగు కేబుల్ లాగినా పర్లేదు.

దీని అసలు సుఖం చేతికి తెలుస్తుంది. స్పీడ్‌లో వెళ్తూ, తడిచేత్తో, ఎండలో స్క్రీన్ కనపడనప్పుడు, తలతిప్పకుండా తిప్పగలిగేది నిజమైన నాబ్ ఒక్కటే. టచ్ స్క్రీన్ మీద మూడు సార్లు నొక్కి జోన్ వెతికే ఓపిక వేక్ బోట్ డ్రైవర్‌కి ఉండదు. పాత స్టీరియో బాగానే ఉంటే దాన్ని మార్చకుండానే ఇది పెట్టుకోవచ్చు. ఆంప్‌లు విడిగా లేనివాళ్లకి మాత్రం దీనితో పనిలేదు.

4. ఆర్‌సీఏ మధ్యలో పెట్టే చిన్న నాబ్. పీఏసీ ఎల్‌సీ-1 అని చాలా పాత, చాలా చవక వస్తువు ఒకటుంది, కార్ ఆడియో వాళ్లందరికీ తెలిసిందే. పవర్ అక్కర్లేదు, రెండు ఆర్‌సీఏలు లోపలికి, రెండు బయటికి, మధ్యలో నాబ్. ఏ ఆంప్‌కి వెళ్లే కేబుల్ మీద పెడితే ఆ జోన్ వాల్యూమ్ మీ చేతికొస్తుంది. మీరే చేసుకోవాలంటే ఎలక్ట్రానిక్స్ షాపులో డ్యుయల్ గ్యాంగ్ (ఒకే నాబ్‌తో లెఫ్ట్ రైట్ రెండూ మారేది), 10 కిలో ఓమ్‌ల లాగ్ టేపర్ పొటెన్షియోమీటర్ (తిప్పితే మారే రెసిస్టర్) అడగండి, మీద ఏ10కే అని రాసి ఉంటుంది. బీ అని ఉన్నది లీనియర్, దానితో నాబ్ మొదట్లో కొంచెం కదిపితేనే సౌండ్ అంతా వచ్చేసి తర్వాత ఎంత తిప్పినా తేడా తెలీదు. సింగిల్ గ్యాంగ్ తీసుకుంటే లెఫ్ట్ మాత్రమే తగ్గి రైట్ అలాగే మోగుతుంది.

బలహీనత ఎక్కడంటే దూరం. స్టీరియో పక్కనే నాబ్ పెడితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వెనక ప్లాట్‌ఫామ్ దగ్గర పెట్టాలని ఇరవై అడుగులు ఆర్‌సీఏ తీసుకెళ్లి మళ్లీ ఆంప్ దగ్గరికి వెనక్కి తెస్తే ఇంజిన్ రొద అంతా స్పీకర్లలో వినపడే అవకాశం ఎక్కువ. పైగా ఈ నాబ్‌లు కార్ల కోసం చేసినవి, నీళ్లు తట్టుకోవు. గ్లవ్ బాక్స్ లోపలో, మూత ఉన్న చోటో పెట్టుకోవాలి.

5. ఆంప్‌తో వచ్చే రిమోట్ నాబ్. జేఎల్ ఆడియో, కిక్కర్, రాక్‌ఫోర్డ్ లాంటి ఆంప్‌లలో చాలావాటికి వెనక ఫోన్ జాక్ లాంటి చిన్న సాకెట్ ఉంటుంది, దానికి కంపెనీవాడి నాబ్ తగిలించొచ్చు. వైర్‌లో ఆడియో కాకుండా కంట్రోల్ వెళ్తుంది కాబట్టి దూరం లాగినా ఇబ్బంది తక్కువ, కనుక వెనక నాబ్ కావాల్సినవాళ్లకి పై పద్ధతికంటే ఇది మేలు. కొనేముందు ఒకటి చదవండి: ఆ నాబ్ అన్ని ఛానల్స్‌నీ తగ్గిస్తుందా, సబ్ ఛానల్‌ని మాత్రమేనా, లేక బేస్ బూస్ట్‌ని మాత్రమేనా? ఆంప్ మాన్యువల్‌లో ఒక్క లైన్‌లో ఉంటుంది. ఒక కంపెనీ నాబ్ ఇంకో కంపెనీ ఆంప్‌కి ప్లగ్ దూరినా పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. ఒక్కో జోన్‌కి ఒక్కో ఆంప్ ఉంటేనే దీనికి అర్థం.

6. స్పీకర్ వైర్ మీద నాబ్. ఎల్-ప్యాడ్ కష్టాలు పైన చెప్పాను. ఇంట్లో గోడలకి పెట్టే రకం ఒకటుంది, లోపల ఆటోట్రాన్స్‌ఫార్మర్, మెట్లు మెట్లుగా తగ్గుతుంది, వేడి దాదాపు ఉండదు. వాటి ఇబ్బంది వేరే: బేస్ గట్టిగా కొడితే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేక సౌండ్ బొంగురుపోతుంది, లోపలి ఇనుము తేమకి తుప్పు పడుతుంది. మూసి ఉన్న క్యాబిన్‌లో పడుకునే చోట చిన్న స్పీకర్ల జతకి అయితే పర్లేదు.

విడి ఆంప్ లేదు, కొనే ఉద్దేశం లేదు, క్యాబిన్‌లోని ఒక్క జత స్పీకర్లు తగ్గితే చాలు అనుకునేవాళ్లకి ఇది నడుస్తుంది. 20 వాట్స్ దగ్గర వేడి కూడా పెద్దగా రాదు. రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మార్కెట్లో ఎక్కువగా దొరికే ఎల్-ప్యాడ్‌లు 8 ఓమ్‌లవి, మెరైన్ స్పీకర్లు ఎక్కువగా 4 ఓమ్‌లు. 4 ఓమ్‌ల స్పీకర్‌కి 8 ఓమ్‌ల ప్యాడ్ పెడితే నాబ్ కొంచెం తిప్పగానే సౌండ్ గబుక్కున పడిపోతుంది, కాబట్టి 4 ఓమ్‌లదే వెతకండి. రెండోది ప్రమాదకరం: స్టీరియో స్పీకర్ మైనస్ వైర్ నిజానికి గ్రౌండ్ కాదు. స్టీరియోలోని ఆంప్ బ్రిడ్జ్ రకం, ప్లస్ మైనస్ రెండిట్లోనూ బ్యాటరీలో సగం, అంటే దాదాపు 6 వోల్టుల డీసీ ఉంటుంది. హెడ్‌ఫోన్ నాబ్ లాగా లెఫ్ట్ మైనస్, రైట్ మైనస్ కలిపేసి గ్రౌండ్‌కి ముడేస్తే స్టీరియో పోతుంది. లెఫ్ట్‌కి రెండు వైర్లు, రైట్‌కి రెండు వైర్లు చివరిదాకా విడివిడిగానే వెళ్లాలి.

మామూలు రియోస్టాట్ (తిప్పే రెసిస్టర్) ఒకటి స్పీకర్‌కి సిరీస్‌లో పెట్టేస్తే అయిపోదా అని అడిగేవాళ్లున్నారు. సౌండ్ తగ్గుతుంది, దానితోపాటు ట్వీటర్ (సన్నటి శబ్దాల చిన్న స్పీకర్) క్రాసోవర్, అంటే ఏ శబ్దం ఏ స్పీకర్‌కో విడదీసే సర్క్యూట్, దాని లెక్క మారిపోయి పాట రంగే మారిపోతుంది. వద్దు.

7. 100 వోల్ట్ లైన్, అంటే ఎక్కువ వోల్టేజ్, తక్కువ కరెంట్‌తో చాలా స్పీకర్లు నడిపే పద్ధతి. ఇది సొంత బోట్‌వాళ్లకి కాదు, గోదావరి మీద పాపికొండల టూర్ బోట్ల లాంటివి నడిపేవాళ్లకి. కింద ఏసీ హాల్లో కుటుంబాలు, పైన డెక్ మీద డ్యాన్సులు, స్పీకర్లు చూస్తే డజను. ఇక్కడ 4 ఓమ్‌ల స్పీకర్లు, కార్ ఆంప్‌లు పనికిరావు. మన దగ్గర అహూజా లాంటి పీఏ (అనౌన్స్‌మెంట్లకి వాడే) ఆంప్‌లు 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచేవి దొరుకుతాయి, వాటికి 100 వోల్ట్ అవుట్‌పుట్ ఉంటుంది. ఒక్కో స్పీకర్‌కి చిన్న ట్రాన్స్‌ఫార్మర్, 5 వాట్స్ 10 వాట్స్ అని ట్యాపింగ్ (ఆ స్పీకర్ ఎంత పవర్ తీసుకోవాలో ఎంచుకునేది), అన్నీ పారలల్‌లో కలుపుకుంటూ పోవడమే. 100 వాట్స్‌కి లైన్‌లో కరెంట్ 1 ఆంపియరే, అదే 4 ఓమ్‌ల స్పీకర్‌కైతే 5 ఆంపియర్లు, అందుకే పొడుగు బోట్‌లో సన్న వైర్‌తో కూడా పని జరుగుతుంది. డెక్‌కి ఒకటి, హాల్‌కి ఒకటి అటెన్యుయేటర్ (సౌండ్ తగ్గించే) నాబ్ పెడితే రెండు జోన్లు అయినట్టే. ఆరో పద్ధతిలో తిట్టిన స్పీకర్ లైన్ నాబ్ ఇక్కడ మాత్రం సరైన పరికరం, అది ట్రాన్స్‌ఫార్మర్ రకం, ఆ లైన్ కోసమే చేసింది, ఇక్కడ బేస్ అంత అక్కర్లేదు కూడా.

ఎమర్జెన్సీ ఓవర్‌రైడ్ రిలే ఉన్న నాబ్‌లే తీస్కోండి, మామూలుగా 24 వోల్టుల రిలే ఉంటుంది, మైక్ ఆన్ చేయగానే ఎవరు ఏ నాబ్ సున్నాకి తిప్పి ఉన్నా అనౌన్స్‌మెంట్ ఫుల్‌గా వినపడుతుంది. లైఫ్ జాకెట్లు వేసుకోమని చెప్పే మాట హాల్లో నాబ్ తిప్పేశారని వినపడకపోతే ఆ సిస్టమ్ ఎందుకు? 100 వోల్టులు షాక్ కొట్టే వోల్టేజ్ అని కూడా గుర్తుంచుకోండి, తడి డెక్ మీద జాయింట్లు బాక్స్ లోపలే ఉండాలి.

విడి బ్లూటూత్ స్పీకర్లు రెండు పెట్టుకుంటే పోలా అంటారా, పోతుంది, ఒకే కంపెనీవి జత కుదిరేవి అయితే. వేరే వేరే కంపెనీలవైతే పాట ఒకదాని వెనక ఒకటి ప్రతిధ్వనిలా వస్తుంది.

## ఒక చూపులో

| పద్ధతి | జోన్లు | విడి ఆంప్ కావాలా | నాబ్ ఎక్కడ | ఖర్చు | ఎవరికి |
|---|---|---|---|---|---|
| ఫేడర్ | 2 | వద్దు | స్టీరియో మెనూలో | వైర్ ఖర్చే | ముందు అందరూ ఇది ప్రయత్నించండి |
| మల్టీ జోన్ స్టీరియో | 2–4 | 2 జోన్లు దాటితే కావాలి | స్టీరియో, యాప్, రిమోట్ | కొన్ని వందల డాలర్లు | కొత్త సెటప్, ఉప్పునీళ్లు |
| జోన్ కంట్రోలర్ | 2–3 | కావాలి | డ్యాష్ మీద | వందల్లో | వేక్ బోట్, టవర్ స్పీకర్లు |
| ఆర్‌సీఏ నాబ్ | ఒక్కో నాబ్‌కి 1 | కావాలి | స్టీరియో దగ్గర | చాలా చవక | ఆంప్ ఉండి బడ్జెట్ లేనివాళ్లు |
| ఆంప్ రిమోట్ నాబ్ | ఒక్కో ఆంప్‌కి 1 | కావాలి | ఎక్కడైనా | చవక | వెనక నాబ్ కావాల్సినవాళ్లు |
| ఎల్-ప్యాడ్ | ఒక్కో జతకి 1 | వద్దు | స్పీకర్ల దగ్గర | చవక | క్యాబిన్‌లో చిన్న స్పీకర్లు |
| 100 వోల్ట్ లైన్ | ఎన్నైనా | పీఏ ఆంప్ | హాల్, డెక్ దగ్గర | బోట్ సైజు బట్టి | టూర్ బోట్లు |

## మీరు ఏ రకం?

ఫ్యాక్టరీ స్టీరియో, నాలుగు స్పీకర్లు, ఆంప్ లేదు, వీకెండ్‌లో ఫ్యామిలీతో రెండు గంటలు: ముందు ఫేడర్. అది నచ్చకపోతే ఎల్-ప్యాడ్‌ల దగ్గర ఆగకుండా నేరుగా రెండు జోన్ల స్టీరియోకి వెళ్లండి. మధ్యలో ఎల్-ప్యాడ్‌లు, వాటికి ప్లేట్లు, కన్నాలు అన్నీ కలిపితే ఖర్చు పెద్దగా మిగలదు, పైగా ఎప్పటికైనా ఆంప్ కొంటే అవి పీకేయాల్సిందే.

ఇప్పటికే రెండు ఆంప్‌లున్నాయి, స్టీరియో బాగానే ఉంది: ఆంప్‌లకి రిమోట్ సాకెట్ ఉందేమో వెళ్లి చూడండి. ఉంటే అదే. లేకపోతే స్టీరియో పక్కన ఆర్‌సీఏ నాబ్. ఒకే నాలుగు ఛానళ్ల ఆంప్ మీద ముందూ వెనకా రెండూ నడుస్తుంటే ఆంప్ రిమోట్ రెండిటినీ కలిపి తగ్గించేస్తుంది, అక్కడ వెనక ఛానల్స్ ఆర్‌సీఏ మీద నాబ్ పెట్టడమే దారి.

టవర్ స్పీకర్లు, సబ్, వేక్‌బోర్డింగ్ బ్యాచ్: జోన్ కంట్రోలర్. ఇక్కడ మల్టీ జోన్ స్టీరియో కూడా పనిచేస్తుంది, ఫీచర్లు ఎక్కువ కూడా, కానీ నేనైతే చేతికి దొరికే నాబ్‌కే ఓటేస్తా.

సముద్రంలో తిప్పేవాళ్లు, బోట్‌ని నీళ్లలోనే ఉంచేసేవాళ్లు: మల్టీ జోన్ స్టీరియో, మెరైన్ రిమోట్. ఓపెన్ నాబ్‌లు తగ్గించుకోండి. స్టీరియో ముందు భాగానికి ఉన్న వాటర్‌ప్రూఫ్ రేటింగ్ చాలాసార్లు వెనక భాగానికి వర్తించదు, డ్యాష్ లోపల నీళ్లు కారే చోట పెడితే ఏ రేటింగూ కాపాడదు.

## ఏది పెట్టినా వైరింగ్‌లో చూస్కోవాల్సినవి

బ్యాటరీ నుంచి వచ్చే పాజిటివ్ వైర్‌కి ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. అమెరికాలో బోట్‌వాళ్లు పాటించే ఏబీవైసీ స్టాండర్డ్ ప్రకారం 7 అంగుళాల లోపు, బ్యాటరీ టెర్మినల్‌కే నేరుగా కలిపి వైర్ మొత్తం స్లీవ్‌లో ఉంటే 72 అంగుళాల దాకా. వైర్ టిన్ పూత ఉన్న రాగిదే వాడండి, మామూలు కార్ వైర్ లోపల నల్లబడిపోతుంది.

పెట్రోల్ ఇంజిన్ బోట్ అయితే ఇంజిన్ కంపార్ట్‌మెంట్‌లో, ట్యాంక్ ఉన్న చోట ఆంప్‌లు, రిలేలు, వేడెక్కే ప్యాడ్‌లు పెట్టొద్దు. అక్కడ ఉండే ఎలక్ట్రికల్ వస్తువులకి ఇగ్నిషన్ ప్రొటెక్షన్ (చుట్టూ ఉన్న ఆవిరి అంటుకోకుండా రక్షణ) ఉండాలని అమెరికా ఫెడరల్ రూలే ఉంది, పెట్రోల్ ఆవిరికి చిన్న స్పార్క్ చాలు.

స్టీరియో, కంట్రోలర్, ఆంప్‌లు అన్నిటి గ్రౌండ్ ఒకే బస్‌బార్‌కి (వైర్లన్నీ కలిపే లోహపు పట్టీ) తెచ్చి కలపండి. ఇంజిన్ ఆర్‌పీఎం పెరిగేకొద్దీ స్పీకర్లలో కీచుమనే శబ్దం కూడా పెరుగుతోందంటే ఎక్కువశాతం గ్రౌండ్ గొడవే. ఏ పరికరంలో ఉందో తెలియాలంటే ఆంప్ దగ్గర ఆర్‌సీఏ పీకేయండి. కీచు ఆగిపోతే తప్పు ముందున్న నాబ్‌లోనో కేబుల్‌లోనో, ఆగకపోతే ఆంప్ పవర్ వైరింగ్‌లో. ఆర్‌సీఏ కేబుల్‌ని పవర్ వైర్ పక్కనే కట్టేయకుండా బోట్ అవతలి వైపు నుంచి తీసుకెళ్తే సగం బాధ ముందే పోతుంది. స్టీరియో నుంచి వచ్చే నీలం రిమోట్ వైర్‌కి (ఆంప్‌లని ఆన్ చేసేది) మూడు నాలుగు పరికరాలు తగిలించాల్సి వస్తే మధ్యలో రిలే పెట్టండి, ఆ వైర్ అంత కరెంట్ ఇవ్వలేదు. స్పీకర్ మాగ్నెట్‌ని కంపాస్ దగ్గర పెట్టొద్దు, సూది అటు తిరిగిపోతుంది.

ఇక గెయిన్. ఇన్‌స్టాలర్లు కూడా హడావిడిలో వదిలేసేది ఇదే, రెండు నాబ్‌లున్న సిస్టమ్‌లో ఇది సరిగ్గా లేకపోతే మిగతాదంతా ఎంత బాగా చేసినా స్పీకర్లు కాలిపోతాయి. ఆంప్ మీద ఉన్న గెయిన్ స్క్రూ వాల్యూమ్ కాదు, స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టేది. ముందు ఆంప్ గెయిన్ పూర్తిగా తగ్గించేయండి, ఈక్వలైజర్ అంతా సున్నా మీద పెట్టండి, జోన్ నాబ్‌లన్నీ ఫుల్‌కి తిప్పేయండి. నాబ్ సగంలో ఉండగా గెయిన్ సెట్ చేస్తే రేపు ఎవరో వచ్చి దాన్ని ఫుల్‌కి తిప్పగానే ఆంప్ క్లిప్ అయిపోతుంది (శక్తికి మించి సౌండ్ పగిలిపోతుంది), ట్వీటర్లు ముందు పోతాయి, అందుకే ఫుల్‌లో పెట్టి సెట్ చేయమనేది. స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతుకి పెట్టి, బాగా తెలిసిన పాట, గొంతు స్పష్టంగా ఉన్నది వేసి, ఒక్కో ఆంప్ గెయిన్ మెల్లగా పెంచుకుంటూ వెళ్లండి, గొంతు గరుకుగా మారడం మొదలైన చోట ఆపి కొంచెం వెనక్కి తిప్పండి. ఒక్కో జోన్‌కి విడిగా చేయాలి, మిగతా జోన్ల ఆర్‌సీఏలు అప్పటికి పీకేసి. అయ్యాక స్టీరియోలో మాక్సిమమ్ వాల్యూమ్ సెట్టింగ్ ఉంటే ఆ ముప్పావు దగ్గరే లాక్ చేసేయండి, తర్వాత గెస్టులు ఏ నాబ్ ఎంత తిప్పినా మీకు టెన్షన్ ఉండదు.